నలుపు తగ్గిన అక్షరం

తాళపత్రం మీద వ్రాత రెండంచెల పని. మొదట లేఖకుడు గంటం పట్టి ఆకు మీద అక్షరాన్ని గీస్తాడు. అప్పటికి అక్షరం పుట్టింది గాని కంటికి ఆనదు; ఆకుదీ గీతదీ ఇంచుమించు ఒకటే రంగు. పిమ్మట మసినో ఆకుపసరునో పత్రమంతటా రాచి తుడిచివేస్తారు. పైనున్నది పోతుంది, గీతల్లో దిగినది నిలుస్తుంది. అప్పుడు గాని అది చదువరికి అక్షరం కాదు. రూపం ఒకటి, ఆ రూపాన్ని నేల నుండి వేరుచేసి చూపే నలుపు మరొకటి అన్న సంగతి మన లేఖకులకు చేతిపనిగానే తెలుసు.

కంటిపరీక్షకు మాత్రం ఈ రెండవ సంగతి చాలాకాలం పట్టలేదు. బడిలో పిల్లల కళ్ళు పరీక్షించే తీరు మనమందరం చూసినదే. గోడకు ఒక పటం, తెల్లని నేల మీద నల్లని అక్షరాలు, పై నుంచి కిందికి చిన్నవవుతూ పోయే వరుసలు. ఎంత చిన్న అక్షరం చదవగలడో తేలితే పిల్లవాడి చూపు తేలినట్టే. కాని అక్షరం పరిమాణాన్ని అలాగే ఉంచి, నలుపును మాత్రం తగ్గించుకుంటూ పోతే ఎంతదాకా చదవగలడు? ఇది వేరే ప్రశ్న. దీనికి వచ్చే జవాబును వైద్యులు కాంట్రాస్ట్ సెన్సిటివిటీ అంటారు. టీవీకి కాంట్రాస్ట్ మీట ఉన్నందువల్ల అందులో మొదటి మాట మన ఇళ్ళలో అందరికీ పరిచితమే. నేను ఈ వ్యాసంలో దీనిని ఛాయాభేదగ్రహణం అని వ్యవహరిస్తాను. ఈ కొలత ఎలా పుట్టింది, అల్పదృష్టి గల విద్యార్థుల దాకా రావడానికి ఎందుకింత ఆలస్యమైంది, ఆ ఆలస్యానికి మూల్యం ఎవరు చెల్లించారు అన్నది నా విషయం. నేను వైద్యుణ్ణి కాను. తెలుగు పండితుడిగా ఉద్యోగకాలమంతా అక్షరాలు దిద్దించినవాణ్ణి. అక్షరం కంటికి అందని పిల్లవాడి కథ ఉపాధ్యాయులకు కూడా సంబంధించినదే కదా.

విచిత్రమేమిటంటే, ఛాయాభేదాన్ని కొలవడం అక్షరాల పటం కన్నా పాత విద్య. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియర్ బూగే వెలుగును గురించి వ్రాసిన గ్రంథం ఆయన మరణానంతరం 1760లో వెలువడింది. అందులో ఒక ప్రయోగం ఉంది. తెల్లని తెర ముందు ఒక కడ్డీని నిలిపి, తెరకు ఒక కొవ్వొత్తిని దగ్గరగా, మరొకదాన్ని దూరంగా పెడతాడు. దూరపు కొవ్వొత్తి వల్ల కడ్డీ నీడ తెర మీద పడుతుంది. దానిని వెనక్కు జరుపుకుంటూ పోగా ఆ నీడ పలచబడి పలచబడి ఒకచోట కంటికి కనబడకుండా పోతుంది. దగ్గరి కొవ్వొత్తికి ఎనిమిది రెట్ల దూరంలో అది జరిగింది. దూరం పెరిగినకొద్దీ వెలుగు దాని వర్గం చొప్పున తగ్గుతుంది గనుక, ఎనిమిదెనిమిదులు అరవైనాలుగు. వెలుగులో 64వ వంతు తేడా ఉంటే తన కంటికి ఆనుతుంది, అంతకు తగ్గితే ఆనదు అని బూగే తేల్చాడు. యంత్రాలేవీ లేకుండా రెండు కొవ్వొత్తులతో, ఒక నీడతో చేసిన కొలత ఇది.

తరువాత నూరేళ్ళకు, 1860లో, లైప్‌జిగ్ ఆచార్యుడు ఫెక్నర్ ఇటువంటి కొలతలన్నిటినీ ఒక శాస్త్రంగా కూర్చాడు. ఆయన రంగుటద్దాల గుండా సూర్యుణ్ణి చూస్తూ ప్రయోగాలు చేసి కళ్ళు చెడగొట్టుకుని, కొన్నేళ్ళు వెలుగును భరించలేక చీకటిగదిలో గడిపినవాడు. వెలుగుకూ కంటికీ గల సంబంధం ఆయనకు పుస్తకజ్ఞానం మాత్రమే కాదు.

ఫెక్నర్ గ్రంథం వచ్చిన రెండేళ్ళకే, 1862లో, ఉట్రెక్ట్ నగరంలో హెర్మన్ స్నెల్లెన్ తన అక్షరాల పటాన్ని ప్రకటించాడు. అది ప్రపంచమంతా వ్యాపించింది. వ్యాపించడానికి తగిన గుణాలు దానికున్నాయి. ఒక కాగితం, ఒక మేకు, ఆరు మీటర్ల దూరం చాలు; వైద్యుడే ఉండనక్కరలేదు, బడిపంతులైనా చేయవచ్చు. ఫలితం 6/6, 6/18, 6/60 అని ఒక్క భిన్నంలో ఇమిడిపోతుంది. నల్లని సిరాతో తెల్లని కాగితం మీద అచ్చువేయడం ముద్రాపకుడికి సులభం. చిక్కటి బూడిదరంగు, పలచటి బూడిదరంగు అని పదహారు అంచెలు ఒక్క పటం మీద తప్పు లేకుండా ముద్రించడం ఆనాటి ముద్రణాలయాలకు సులభం కాదు. సులభమైన కొలతే చూపుకు నిర్వచనమై కూర్చుంది.

అడపాదడపా రెండవ ప్రశ్న వేసినవారు లేకపోలేదు. డెన్మార్కు వైద్యుడు యానిక్ బ్యెరుం 1880లలో నలుపు తగ్గించిన అక్షరాలతో పటాలు చేసి రోగులకు చూపాడు. 1918లో జార్జ్ యంగ్ అనే వైద్యుడు సిరాను అంచెలంచెలుగా పలచన చేసి, ఆ చుక్కలతో కంటిని పరీక్షించే పద్ధతిని ప్రకటించాడు. ఇవి పండితుల పత్రికలలో నిలిచాయే గాని బడి గోడల దాకా రాలేదు.

బడి గోడల మధ్య అప్పుడేమి జరుగుతున్నది? 1908లో లండన్‌లోను, 1913లో అమెరికాలోని బోస్టన్, క్లీవ్‌లాండ్ నగరాలలోను చూపు తక్కువైన పిల్లలకు ప్రత్యేక తరగతులు వెలిశాయి. అమెరికాలో వాటిని దృష్టిరక్షణ తరగతులని పిలిచారు. చూపు కుండలోని నీరు వంటిది, వాడినకొద్దీ తరుగుతుంది అన్నది వాటి వెనుకనున్న నమ్మకం. అందుచేత చదువు తగ్గించి, వినికిడి పాఠాలు పెంచి, పెద్ద అచ్చు వాడి కన్నులను పొదుపు చేశారు. కొన్ని అంధపాఠశాలల్లోనైతే కొంత చూపున్న పిల్లలకు కూడా కళ్ళకు గంతలు కట్టి వేళ్ళతోనే బ్రెయిలీ నేర్పేవారు. నటాలీ బరాగా అనే అమెరికన్ ఉపాధ్యాయురాలు 1964లో వెలువరించిన పరిశోధన ఈ నమ్మకాన్ని కదిలించింది. పరిశీలనలో శిక్షణ ఇస్తే ఈ పిల్లలు ఉన్న చూపును ఇంకా బాగా వినియోగించుకోగలరని ఆమె నిరూపించింది. చూపును వాడవలసినదే అని తేలిన తరువాత గాని, దేనిని ఎంతవరకు చూడగలరు అని కచ్చితంగా అడగవలసిన అవసరం విద్యారంగానికి కలగలేదు.

ఆ అడగడానికి తగిన సాధనం అనుకోని దిక్కు నుంచి వచ్చింది. అమెరికాలోని ఆర్‌సీఏ సంస్థలో టెలివిజన్ బొమ్మ నాణ్యతను పెంచే పనిలో ఉన్న ఇంజనీరు ఓటో షేడ్, తన యంత్రాన్ని పరీక్షించే పద్ధతిలోనే మనిషి కంటినీ పరీక్షించి 1956లో ప్రకటించాడు. అక్షరాలకు బదులు ఆయన వాడినవి చారలు. నలుపూ తెలుపూ ఒకదానిలోకి ఒకటి మెల్లగా కరిగిపోయే చారలు. చారల వెడల్పు మార్చవచ్చు, నలుపుతెలుపుల తేడానూ విడిగా మార్చవచ్చు. కేంబ్రిడ్జిలో ఫెర్గస్ క్యాంప్‌బెల్, జాన్ రాబ్సన్ 1968లో ఇదే మార్గాన్ని శాస్త్రంగా స్థిరపరచారు. మరీ వెడల్పు చారలకూ మరీ సన్నని చారలకూ తేడా ఎక్కువగా ఉంటే గాని కంటికి ఆనదు. నడిమి వెడల్పు చారలు చాలా పలచని ఛాయలో ఉన్నా ఆనుతాయి. స్నెల్లెన్ పటం ఈ చిత్రంలో ఒక్క అంచును, అనగా చిక్కటి నలుపులో ఎంత సన్నని గీత కనబడుతుందన్న అంచును మాత్రమే చూపుతుంది. తక్కినదంతా ఆ పటానికి కనబడదు.

కనబడనిదానిలో రోగాలు దాగి ఉన్నాయని 1970లలో బయటపడింది. మెదడులో దెబ్బ తగిలిన కొందరు రోగుల చూపును ఐవన్ బోడిస్-వోల్నర్ చారలతో పరీక్షించి, అక్షరాల పటం పట్టుకోలేని లోపాలను 1972లో వెల్లడించాడు. 1977లో డేవిడ్ రీగన్, ఆయన సహచరులు మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులలో ఇటువంటి దానికే దాగిన దృష్టిలోపం అని పేరు పెట్టారు. అంతవరకు ఆ రోగి 'మసకగా ఉందండీ' అంటే, 'పటం బాగానే చదివావు కదా' అన్నదే జవాబు. మాట రోగిది, సాక్ష్యం పటానిది, గెలుపు పటానిదే. 1978లో లండన్ శాస్త్రజ్ఞుడు జెఫ్రీ ఆర్డెన్ చారలను కాగితం మీదికి తెచ్చాడు. ఒక్కొక్క పలక మీద చారలు ఒక కొన నుంచి మరొక కొనకు పలచబడుతూ ఉంటాయి. పలకను తొడుగులో నుంచి మెల్లగా బయటికి లాగుతూ, చారలు ఎక్కడ కనబడ్డాయో చెప్పమంటారు. యంత్రం నుంచి కాగితానికి దిగడంతో ఈ పరీక్ష మామూలు వైద్యుడి బల్ల మీదికి చేరింది.

పిల్లల చదువుకు సంబంధించి అసలు మలుపు 1988. డెనిస్ పెల్లీ, ఇంతకు ముందు చెప్పిన జాన్ రాబ్సన్, ఆర్నల్డ్ విల్కిన్స్ ముగ్గురూ కలిసి ఒక కొత్త పటం చేశారు. అందులో అక్షరాలన్నీ ఒకే పరిమాణం, దాదాపు 5 సెంటీమీటర్లు. మూడేసి అక్షరాల గుంపులు పదహారు, వరుసకు రెండు చొప్పున ఎనిమిది వరుసలు. మొదటి గుంపు కారునలుపు. వరుస వరుసకూ నలుపు సగమవుతూ పోయి, చివరి గుంపు వద్ద నూటికి అరవంతు పైచిల్లర మాత్రమే మిగులుతుంది. పిల్లవాణ్ణి మీటరు దూరంలో కూర్చోబెట్టి, పటమంతటా వెలుగు సమంగా పడేటట్టు చూసి, చదవమంటారు. ఒక గుంపులో మూడింట రెండు సరిగా చెబితే ఆ గుంపు దాటినట్టు. దాటిన చివరి గుంపును బట్టి అంకె వేస్తారు. నూటికి ఒక వంతు తేడాను పట్టగల కంటికి 2.0, పదవ వంతు తేడా ఉంటే గాని పట్టలేని కంటికి 1.0. అంకెలో ఒక్కటే తేడా గాని, శక్తిలో పదింతలు.

ఈ పరీక్ష చేసేవారికి ఒక నియమం ఉంది. అది ఉపాధ్యాయులు గుర్తుంచుకోదగినది. పలచని అక్షరం వెంటనే కనబడదు, కొన్ని క్షణాలు చూడగా చూడగా తేలుతుంది. కనుక తొందరపెట్టకూడదు. 'కనబడటం లేదు' అంటే అక్కడ ఆపకుండా, ఊహించి అయినా చెప్పమని ప్రోత్సహించాలి. మన తరగతి గదుల్లో పెరిగిన పిల్లలకు తప్పు చెప్పడం కన్నా ఊరుకోవడమే క్షేమమని బాగా వంటబట్టి ఉంటుంది. అటువంటి పిల్లవాడు నోరు మూసుకున్నచోట గీత గీస్తే మనం కొలిచినది వాడి చూపును కాదు, వాడి భయాన్ని.

అక్షరాలు రాని పసివారి మాటేమిటి? ఫిన్లండ్ వైద్యురాలు లియా హ్యువారినెన్ దీనికి దారి చూపింది. ఇల్లు, ఆపిల్, బంతి, చతురస్రం అనే నాలుగు బొమ్మలతో ఆమె 1976లో మొదలుపెట్టిన పరీక్షకు తరువాత పలచని ఛాయల పటాలు కూడా చేరాయి. మాటలు రాని శిశువుల కోసం నవ్వుముఖం ఒకటి గీసి, దానిని చిక్కగా, పలచగా, ఇంకా పలచగా అట్టల మీద అచ్చువేయించింది. శిశువు చూపు ఆ ముఖం వైపు తిరిగితే కనబడినట్టు. ముఖమే ఎందుకంటే, తల్లి మొహంలోని నవ్వూ కోపమూ బుగ్గల మీద, పెదవుల చుట్టూ కదిలే పలచని నీడలే గనుక. ఆ నీడలు అందని బిడ్డ నవ్వుకు నవ్వు బదులివ్వకపోతే, మందబుద్ధి అని ముద్ర వేసే ప్రమాదముంది.

ఇక చదువు మాట. ఈ రంగంలో విశేషంగా కృషి చేసిన గోర్డన్ లెగ్ అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయ ఆచార్యుడు, స్వయంగా చూపు తక్కువైనవాడు. ఆయన బృందం 1987లో తేల్చినది ఇది: మామూలు చూపు గలవారికి, అక్షరం తగినంత పెద్దదైతే, దాని నలుపు పదవ వంతుకు తగ్గినా చదివే వేగం సగమైనా పడిపోదు. 1989లో అల్పదృష్టి గలవారిని పరీక్షించారు. కంటిలోని పారదర్శక భాగాలు మసకబారినవారికి ఆ కంటిదోషమే నలుపును ముందుగా కొంత మింగివేస్తుంది. మిగిలిన కాస్తలోనే వారు చదువుకోవాలి. ఇటువంటివారిలో కొందరు తెల్లకాగితం మీద నల్లని అక్షరాల కన్నా నల్లని నేల మీద తెల్లని అక్షరాలను వేగంగా చదువుతారని కూడా 1985లోనే ఆయన బృందం గమనించింది. తెల్లకాగితం నుంచి వచ్చే వెలుగు మసక కంటిలో చెదిరి అక్షరాన్ని కప్పివేస్తుంది, నల్లబల్ల మీద ఆ బాధ తక్కువ.

1993లో విటాకర్, లవీ-కిచిన్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ విషయాన్ని ఉపాధ్యాయుడికి కూడా అర్థమయ్యే లెక్కలో పెట్టారు. దానిని ఛాయానిల్వ అనుకోవచ్చు. అచ్చు నలుపు కంటికి కావలసిన కనీసపు నలుపుకు ఎన్ని రెట్లున్నదో అదే నిల్వ. సాఫీగా చదువు సాగాలంటే సుమారు పది రెట్లయినా ఉండాలి. ఒక ప్రశ్నపత్రంలో అచ్చు తేడా నూటికి 60 అనుకుందాం. నూటికి ఒక వంతును పట్టగల పిల్లవాడికి నిల్వ 60 రెట్లు. నూటికి 10 వంతులు కావలసిన పిల్లవాడికి 6 రెట్లే. ఇద్దరికీ ఆ అక్షరం కనబడుతుంది. ఒకడు ధారగా చదువుతాడు, రెండవవాడు తడుముకుంటాడు. అచ్చు నూటికి 30కి పలచబడితే మొదటివాడికి నిల్వ ఇంకా 30 రెట్లుంది, తేడాయే తెలియదు. రెండవవాడికి 3 రెట్లు. పదం పదం దగ్గర ఆగుతాడు. ఉపాధ్యాయుడికి కూడా మొదటివాడి కళ్ళే ఉంటాయి గనుక, కాగితం పలచబడిందన్న సంగతి ఆయన దృష్టికే రాదు. మూట నిండా ధనమున్నవాడికి ఉప్పు ధర పెరిగిన సంగతి ఎప్పుడు తెలుస్తుంది?

నేను పనిచేసిన రోజుల్లో ప్రశ్నపత్రాలను స్టెన్సిల్ కోసి సైక్లోస్టైల్ తీసేవారు. చివరి ప్రతులకు వచ్చేసరికి సిరా పలచబడేది. ఆ ప్రతులు ఎవరికి వెళ్ళాయన్నది ఎవరూ లెక్క పెట్టేవారు కారు. పాఠ్యపుస్తకం తప్పుల్లేకుండా చదివే ఒక ఎనిమిదవ తరగతి కుర్రవాడు త్రైమాసిక పరీక్షలో ప్రశ్నలు వదిలివేసి వచ్చేవాడు. అజాగ్రత్త అని అతని కార్డులో వ్రాశారు. ఆ వ్రాసినవారికి వేరే మాట అందుబాటులో లేదు.

మన లిపికి ఈ చిక్కు మరికొంత ఎక్కువని నా అభిప్రాయం. ద, ధ, థ మూడింటి ఒంపూ ఒకటే. కిందిగీటు, నడుమ చుక్క మాత్రమే తేడా. ర, ఠల నడుమ ఒక్క చుక్క. పకూ ఫకూ కిందిగీటే తేడా. నలుపు పలచబడినప్పుడు పెద్ద ఒంపులు నిలుస్తాయి, ముందుగా మాయమయ్యేవి ఈ చిన్న గీట్లూ చుక్కలే. సన్నని వాటికి ఎక్కువ తేడా కావాలని క్యాంప్‌బెల్, రాబ్సన్‌ల చారలు చెప్పినది ఇదే. 'కథ'ను 'కధ' అని వ్రాసే పిల్లలందరికీ కంటిజబ్బు ఉందని నేననను; పెద్దలు కూడా అలా వ్రాస్తున్నారు. కాని అదే పిల్లవాడు చిక్కని అచ్చులో సరిగా, పలచని అచ్చులో తప్పుగా చదువుతుంటే అది వర్ణక్రమదోషం కాదు. ఒకప్పుడు ఊరి బళ్ళలో పిల్లలు బొగ్గుపొడి, ఆకుపసరు కలిపి పలకలకూ నల్లబల్లకూ పూసేవారు. దానిని శుభ్రతలో భాగంగా చూశాం గాని, నిజానికి అది చూపు తక్కువైన పిల్లవాడికి చేసిన సాయం.

ఈ చరిత్రలో హైదరాబాదుకు కూడా చోటున్నది. అక్కడి ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థకు చెందిన విజయ గోత్వాల్ ప్రధాన రచయిత్రిగా, పైన చెప్పిన లవీ-కిచిన్ సహకారంతో, అల్పదృష్టి గల పిల్లల కోసం ఒక ప్రశ్నావళి తయారై 2003లో ప్రకటితమైంది. పటం మీద ఎంత చదవగలవు అని కాక, బతుకులో ఎక్కడ ఇబ్బంది పడుతున్నావు అని అడిగే పద్ధతి అది. ముందుబల్ల మీద కూర్చుని బోర్డు మీదిది ఎక్కించుకోగలవా, రూపాయి బిళ్ళనూ రెండు రూపాయల బిళ్ళనూ తడమకుండా పోల్చగలవా, కంచంలో అన్నం ఎక్కడున్నదో చూడగలవా, మెట్లు దిగగలవా అంటూ మన పిల్లల బతుకు నుంచే తీసిన ప్రశ్నలు. వీటిలో చాలావాటికి జవాబు అక్షరం పరిమాణంలో లేదు. తెల్లని కంచంలో తెల్లని అన్నం, బూడిదరంగు గచ్చు మీద బూడిదరంగు మెట్టు అంచు: ఇవన్నీ ఛాయాభేదాలే.

అయినా మన చట్టం ఇంకా 1862లోనే ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అల్పదృష్టిని నిర్వచించేటప్పుడు రెండే కొలతలు చెబుతుంది: చూపు పదును 6/18 నుంచి 3/60 వరకు, లేదా చూపు వైశాల్యం 40 డిగ్రీల లోపు నుంచి 10 డిగ్రీల వరకు. ఛాయాభేదం ఊసు లేదు. నల్లని అక్షరాల పటం 6/12 దాకా చదివి, పలచని అక్షరం దగ్గర నిలిచిపోయే విద్యార్థిని ఈ నిర్వచనం గుర్తించదు. అతనికి అదనపు సమయమూ, చక్కని అచ్చూ అడగడానికి ఆధారపత్రం ఉండదు.

చట్టం మారేదాకా ఉపాధ్యాయుడు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. వైద్యుడి దగ్గరకు పంపేటప్పుడు ఛాయాభేద పరీక్ష కూడా చేయమని చీటీలో ఒక వాక్యం వ్రాయవచ్చు. ప్రశ్నపత్రాల కట్టలో చిక్కని ప్రతిని ఏరి ఆ పిల్లవాడికి ఇవ్వవచ్చు. పెన్సిలు మాన్పించి నల్లని స్కెచ్‌పెన్ను చేతికివ్వవచ్చు. బోర్డును తడిగుడ్డతో తుడిపించవచ్చు, కిటికీ మెరుపు దాని మీద పడకుండా చూడవచ్చు. అక్షరాన్ని పెద్దది చేయడం ఒక్కటే ఉపాయం కాదని తెలిస్తే తక్కినవి తామే తోస్తాయి.

పెల్లీ, రాబ్సన్‌ల పటం చదివించడానికి పట్టేది కొద్ది నిమిషాలు. ఆ నిమిషాలు వెచ్చించి 6/12 అన్న అంకె పక్కన మరొక అంకె వ్రాస్తే పిల్లవాడి కష్టానికి ఒక పేరు దొరుకుతుంది. ఆ అంకె లేనంతకాలం దాని స్థానంలో ప్రోగ్రెస్ కార్డు మీద 'శ్రద్ధ చాలదు' అన్న మాటే కూర్చుంటుంది.